ముక్కు లేని పికప్పూ, రెండున్నర సూతుల బోల్టూ

బోధన్ పక్క పల్లె నుంచి ఓ చెల్లెలు రాసిన ఉత్తరం ఈ వారం మన శీర్షికకు పెద్ద పనే పెట్టింది. మామూలుగా మీరంతా అడిగేది పప్పులకు పురుగు పట్టకుండా ఏం చేయాలి, పట్టుచీర మీద నూనె మరక ఎలా పోతుంది అని. ఈమె అడిగింది నట్లూ బోల్టుల సంగతి. నవ్వకండి. ఉత్తరం చివర రెండు బంగారు గాజుల మాట కూడా ఉంది.

విషయం ఇదీ. మామగారి కాలం నాటి మహీంద్రా పికప్పు ఒకటి వాళ్ళ పశువుల కొట్టం పక్కన నిలబడి ఉంది. చెరకు కోతల రోజుల్లో కూలీలనూ, సద్ది గంపలనూ, ఎరువు బస్తాలనూ మోసిన బండి. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ళు చెరకు మానేశారు, బండి కూడా ఆగిపోయింది. ఇప్పుడు పసుపూ కూరగాయలూ తోలుకోవడానికి దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని భర్త పట్టుబట్టాడు. ఇంజను తిరుగుతోంది. అయితే మెకానిక్ ఇంజను పనీ బ్రేకుల పనీ కాక, ఒక్క ‘చిల్లర సామాను’కే, అంటే బోల్టులు, నట్లు, కబ్జాలు, అద్దాల బీడింగు, డాలా గొలుసులకే 40 వేలు చెప్పాడట. గాజులు కుదువ పెడదామని భర్త, తూకానికి అమ్మి పారేయమని అత్తగారు. “అక్కా, బోల్టులకు గంత ఐతదా? గాజులు ఇయ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు” అని అడిగింది.

చెప్పగలను. మూడేళ్ళ కింద మా ఇంట్లోనూ ఇలాంటి పాత బండి బాగు చేయించినప్పుడు, మావారికి దుకాణం వదిలి తిరగడం కుదరక సామాను తెచ్చే పని నా మీదే పడింది. మొదటి దుకాణంలోనే “సార్‌ను తోలియ్యి అక్కా, మీకు సమజ్ గాదు” అన్నారు. వెయ్యి రకాల మిక్సీ జార్ల వాషర్లూ కుక్కర్ గాస్కెట్లూ చూసి కొనే మనకు ఇవి సమజ్ కాకపోవడమేమిటో!

అన్నిటికంటే ముందు చూడాల్సింది చాసిస్. గాజుల ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. బండి కిందికి వంగి, కమాను కట్టలు చాసిస్‌కు తగులుకునే చోట్ల చిన్న సుత్తితో కొట్టించండి. ఖణేల్‌మంటే మంచిది. బొద్దుగా, అడ్డమైన చప్పుడు వస్తే లోపల తుప్పు తినేసిందన్నమాట. స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే రేకు పెచ్చులుగా రాలినా, బెజ్జం పడినా, ఆ ఒక్క చోట అతుకు వేయించవచ్చేమో మంచి వెల్డర్‌ను అడగండి. నాలుగు చోట్ల అలాగే ఉంటే మాత్రం అత్తగారి మాటే నిజం. దానికి ఎన్ని బోల్టులు కొన్నా దండగ, ఏడవకుండా అమ్మేయడమే మేలు.

చాసిస్ గట్టిదైతే ఇక ధైర్యంగా ముందుకు వెళ్ళొచ్చు, ఎందుకంటే ఈ బండి జాతి మంచిది. ఆమె రాసిన ఆనవాళ్ళను బట్టి, డ్రైవరు ఇంజను పక్కనే ఎత్తుగా కూర్చునే ఆ ముక్కు లేని పికప్పు ఎఫ్‌సీ రకం. అమెరికాలో విల్లీస్ కంపెనీ వాళ్ళు 1956 చివర్లో దాన్ని తెచ్చి, 1965లో ఆపేశారు. అక్కడ ఆగిపోయినా ఇక్కడ మహీంద్రా వాళ్ళు ఆ తర్వాత చాలా ఏళ్ళు తయారు చేశారు. మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఇల్లాలికి పనికొచ్చే సంగతి ఏమిటంటే, పైన బాడీ వేరైనా కింద గేరుబాక్సు, ఇరుసులు, బ్రేకుల సామానులో చాలా భాగం జీపు కుటుంబానిదే. అంటే “ఎఫ్‌సీ పికప్ సామాను ఉందా” అని అడిగితే దుకాణదారు తల అడ్డంగా ఊపుతాడు. “పాత జీపుది ఉందా” అంటే డబ్బా దింపుతాడు. అడిగే తీరులోనే ఉంది.

ఇక బోల్టుల దగ్గరికి వద్దాం. అసలు డబ్బు పోయేది ఇక్కడే, మిగిలేదీ ఇక్కడే.

విల్లీస్ అమెరికా బండి కాబట్టి దాని బోల్టులన్నీ అంగుళాల లెక్క. మన నిజామాబాద్ మెకానిక్కులు సూతుల్లో చెబుతారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూతులంటే 3/8 అంగుళం, నాలుగంటే అరంగుళం. ఈ బండి బాడీలో ఎక్కువగా కనిపించేది 5/16, దాన్ని ‘ఢాయీ సూత్’ అంటారు, రెండున్నర సూతులు. ఇప్పుడు బజారులో ఎక్కడ చూసినా ఉండేవి మిల్లీమీటర్ల బోల్టులు. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. పక్కనే 8 మిల్లీమీటర్ల బోల్టు పెట్టి చూడండి, కవలల్లా ఉంటాయి. కానీ మర వేరు. అంగుళాల సన్నమర అయితే అంగుళానికి 24 చుట్లు, లావుమర అయితే 18. మిల్లీమీటర్ల దానికి అదే పొడవులో 20 చుట్లు. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అప్పుడు కుర్రాడు పానా పెట్టి బలంగా తిప్పుతాడు. మర తెగుతుంది, బిగిసినట్టే కనిపిస్తుంది, గుంతల రోడ్డు మీద వారం తిరిగేసరికి ఊడుతుంది. చాలా పాత బండ్లకు ‘ఎంత బిగించినా లొడలొడ’ అనే రోగం ఇలా వచ్చిందే.

పైగా మన పల్లెల్లో ఏ పాత జీపుకూ పెట్రోలు ఇంజను మిగలలేదు. కొన్నిటికి ట్రాక్టరు డీజిలు ఇంజను పెట్టారు. 1979లో మహీంద్రా వాళ్ళు ఫ్రాన్సు పూజో కంపెనీతో ఒప్పందం చేసుకుని తెచ్చిన డీజిలు ఇంజను ఇంకొన్నిటికి ఎక్కింది. పూజో ఇంజనుకు మిల్లీమీటర్ల బోల్టులు, చాసిస్‌కు అంగుళాలవి. ఒకే బండిలో ఇద్దరు తోడికోడళ్ళు, రెండు వంటిళ్ళు! వాళ్ళ డబ్బాలు కలపకూడదు.

మర పోల్చుకోవడానికి గేజీ కొననక్కర్లేదు. బట్టల సబ్బు బిళ్ళ మీద బోల్టును అడ్డంగా పెట్టి గట్టిగా నొక్కండి. గీతలు అచ్చు పడతాయి. కుట్టుమిషను టేపు పక్కన పెట్టి అంగుళంలో ఎన్ని గీతలో లెక్కపెట్టండి. బోల్టు పొట్టిదైతే అరంగుళంలో లెక్కించి రెట్టింపు చేసుకోవచ్చు గానీ, తొమ్మిదా పదా అని తికమక పడతారు. అందుకే ఇంకో ఉపాయం. నమ్మకమైన దుకాణంలో 1/4, 5/16, 3/8 సైజుల్లో సన్నమర, లావుమర నట్లు ఒక్కోటీ, 6, 8, 10 మిల్లీమీటర్ల నట్లు ఒక్కోటీ కొని తాడుకు గుచ్చి పెట్టుకోండి. మొత్తం తొమ్మిది నట్లు. తుప్పు వదిలించిన బోల్టుకు ఏ నట్టు వేళ్ళతోనే నాలుగైదు చుట్లు హాయిగా తిరిగితే అదే దాని జోడు. నా దండ ఇప్పటికీ వంటింటి మేకుకే వేలాడుతోంది.

ఊడదీసే రోజు ఇంటావిడ దగ్గర ఉండి తీరాలి. ఈ మాట మగవాళ్ళకు కోపం తెప్పించినా సరే. మెకానిక్కు ఊడదీసినవన్నీ ఒక తట్టలో పడేస్తాడు, సాయంత్రానికి “అన్నీ ఖరాబ్, కొత్తవి తేవాలె” అంటాడు. ఆ 40 వేల లెక్క పుట్టేది ఆ తట్టలోనే. నేను పాత ఇడ్లీ ప్లేట్లు తెచ్చి పెట్టాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, పక్కన కాగితం మీద ‘ఎడమ తలుపు పై కబ్జా’ అని రాత. సెల్‌ఫోనుతో ఒక ఫోటో. చూస్తే సగానికి సగం తుప్పు వదిలిస్తే మళ్ళీ వాడుకునేవే. ఒక్క జాగ్రత్త. పాత విల్లీస్ జాతి బండ్లలో ఎడమ పక్క చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, అందరిలా ఎడమకు కాక కుడికి తిప్పితే ఊడతాయి. ఇది తెలియని పిల్లలు గొట్టం తగిలించి మరీ తిప్పి స్టడ్లు విరగ్గొడతారు.

తుప్పు వదిలించడం మన పనే. చక్కెర సీమలో పుట్టినవాళ్ళకు మొలాసిస్ వాసన చెప్పనక్కర్లేదు కదా. 1937లో నిజాం చక్కెర కర్మాగారం పెట్టిన నాటి నుంచీ శక్కర్‌నగర్ గాలిలో అదే వాసన. ఆ నల్లటి మడ్డి ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి తుప్పు సామాను వారం పది రోజులు నానబెడితే ఇనుము జోలికి పోకుండా తుప్పును మాత్రమే కరిగిస్తుంది. పాత బండ్ల పిచ్చి ఉన్న విదేశాల వాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. అయితే మొలాసిస్ అమ్మకం ఎక్సైజు వాళ్ళ అదుపులో ఉంటుంది, డబ్బా పట్టుకుపోయి తెచ్చుకునేది కాదు. దానికి బదులు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. ప్లాస్టిక్ బకెట్లో లీటరు నీళ్ళకు 50 గ్రాముల లెక్కన కలిపి, ముందు సబ్బునీళ్ళతో గ్రీజు కడిగేసిన బోల్టులు రాత్రంతా నానబెట్టండి. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి తీసి, ఎండలో ఆరబెట్టి, వెంటనే ఇంజనాయిలు పూయాలి. పూయకపోతే మధ్యాహ్నానికే ఎర్రబారతాయి. అల్యూమినియం సామాను, కార్బురేటరు ముక్కలు ఈ పులుపులోనూ వేయకూడదు, మొలాసిస్‌లోనూ వేయకూడదు, అవి తినేస్తాయి. స్ప్రింగులు, బాగా బిగువు పట్టే గట్టి బోల్టులు కూడా వద్దు. పులుపులో నానితే లోపల్లోపల పెళుసెక్కి, పైకి మెరుస్తూనే విరుగుతాయి. పిల్లలకు అందని చోట పెట్టడం మరవకండి.

ఇక కొనాల్సినవి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, దాని కోసమే ఈ వారం ఇంత రాశాను. అంగుళాల గట్టి బోల్టుల కోసం అందరూ హైదరాబాద్ పరుగెత్తుతారు. మనది ట్రాక్టర్ల జిల్లా. మెస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరు బోల్టులు అంగుళాల మరవే! పాత మహీంద్రా ట్రాక్టర్లవీ అంతే. కాబట్టి నిజామాబాద్‌లోనూ బోధన్‌లోనూ ట్రాక్టరు స్పేరు దుకాణాల్లో 5/16, 3/8, 7/16 సైజులు సన్నమరవీ లావుమరవీ తేలిగ్గా దొరుకుతాయి. “పాత బండి సామాను” అని అడిగితే అరుదైన సరుకు రేటు, “మెస్సీకి మూడు సూతుల ఫైన్ త్రెడ్డు, అంగుళంన్నర పొడవు” అని అడిగితే మామూలు రేటు. నా మొదటి చీటీలోని సామాను మూడొంతులు ఊరు దాటకుండానే దొరికింది.

బాడీకీ, మడ్‌గార్డులకూ, అడుగు పలకలకూ వాడే మామూలు బోల్టులు విడిగా కొనకండి. హార్డ్‌వేర్ కొట్లో కిలో లెక్కన అడగండి. అంగుళం పొడవున్న ఢాయీ సూత్ బోల్టులు నట్టు లేకుండా కిలోకు అరవై, డెబ్బై దాకా తూగుతాయి. జింకు పూత ఉన్నవి తీసుకుంటే వానలకు ఆగుతాయి. మెరుస్తున్నాయని స్టీలు బోల్టులు కొనమని కొందరు చెబుతారు. అద్దం ఫ్రేముకైతే సరే, బరువు పడే చోట వద్దు.

పిసినారితనం పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. కమాను కట్టల యూ బోల్టులు, స్టీరింగు బోల్టులు, బ్రేకులవి, చక్రాల స్టడ్లు. ఇవి కొత్తవే కావాలి, గట్టివే కావాలి. గట్టిదని ఎలా తెలుస్తుంది? బోల్టు తల మీద రాసి ఉంటుంది. మిల్లీమీటర్ల దానికి 8.8 లేదా 10.9 అంకె, అంగుళాల దానికి మూడు గీతలో ఆరు గీతలో. తల నున్నగా ఉంటే అది తలుపు గొళ్ళేనికి పనికొచ్చే బోల్టు. చెన్నైలో 1966 నుంచి ఉన్న సుందరం ఫాస్టెనర్స్ వాళ్ళ టీవీఎస్ బోల్టులు ఎక్కువ చోట్ల దొరుకుతాయి, పెట్టె మీద పేరు చూసి తీసుకోండి. స్ప్లిట్ పిన్నులు, లోపల ప్లాస్టిక్ రింగు ఉండే నట్లు ఒకసారి తీస్తే మళ్ళీ వాడొద్దు. అవి రూపాయల్లో పని. మా మెకానిక్కు ఒకడు పాత పిన్నునే సుత్తితో సాపు చేసి పెట్టబోయాడు. నేను కొత్తది చేతిలో పెట్టి అక్కడే నిలబడ్డాను.

ఊళ్ళో దొరకనివి హైదరాబాద్‌లో. పుత్లీబౌలిలో బండ్ల స్పేర్లు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బోల్టులూ హార్డ్‌వేరూ. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కాకపోతే చీటీ, నమూనా రెండూ ఉండాలి. అద్దాల రబ్బరు బీడింగు రెండంగుళాల ముక్క కోసి పట్టుకెళ్ళండి, అదే మాదిరిది మీటరు లెక్కన కోసి ఇస్తారు. చుట్టూ కొలిచి ఇంకో అర మీటరు ఎక్కువ తీసుకోండి, మూలల దగ్గర లాగి పెడితే ఎండాకాలంలో కురచ అవుతుంది. విజయవాడ ఆటోనగర్ ఇంకా పెద్దది, మనకు దూరం. పంజాబు అంచున, హర్యానాలోని మండీ డబ్‌వాలీలో పాత జీపులు బిగించడమే వృత్తిగా బతుకుతారు, అక్కడి నుంచి పార్శిలు తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. ముందుగా డబ్బు మొత్తం పంపించడం మాత్రం నేను ఒప్పుకోను.

అసలు చిక్కు బాడీ సామానుతో. ఇంజనుకు జీపు అన్నయ్య ఉన్నాడు, ముక్కు లేని ముఖానికి ఎవ్వరూ లేరు. ముందద్దం ఫ్రేము, తలుపు కబ్జాలు, హ్యాండిళ్ళు ఏ దుకాణంలోనూ కొత్తవి దొరకవు. ఇక్కడే బోధన్ వాళ్ళ అదృష్టం. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ అంత పెద్ద యంత్రాలను కనిపెట్టుకున్న టర్నర్లూ ఫిట్టర్లూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, చివరికి మూతపడి జీతాలు ఆగిపోయినా, వాళ్ళ చేతి పని పోలేదు. మా తలుపు కబ్జాల పిన్నులు అలాంటి పెద్దాయన ఒకరు లేతు మిషను మీద తీసి ఇచ్చారు. పాత పిన్ను అరిగిన చోట కాక అరగని చివర కొలిచి, కబ్జా బెజ్జం ఎంత వెడల్పయిందో చూసి, దానికి సరిపడా కాస్త లావుగా తీశారు. తలుపు ఇప్పుడు ఒక్క వేలితో పడుతుంది. కొత్త కబ్జా చేయించడానికి వెల్డరు అడిగిన దానిలో ఆరో వంతు కూడా కాలేదు. డాలా గొలుసులూ కొక్కేలూ హార్డ్‌వేర్ కొట్లోనివే, ఎడ్లబండికి కొన్నట్టే కొనండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఆర్‌సీ బుక్కు తీసి చూడండి చెల్లెమ్మా. సరుకు తోలే బండిగా రిజిస్టరై ఉంటే ఇంత పాత బండికి ఏటేటా ఫిట్‌నెస్ తప్పదు. నిజామాబాద్ ఆర్టీఓ ఆఫీసులో పాత బకాయిలెంతో, రెన్యువల్ ఇస్తారో లేదో కనుక్కుని ఆ మాట విన్నాకే పానా పట్టండి. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వింటేజి రిజిస్ట్రేషన్ అని కొత్త పద్ధతి వచ్చింది, కొత్తగా చేయించడానికి 20 వేలు రుసుం. అది షోకు బండ్లకే. దానితో పసుపు బస్తాలు తోలడానికి వీల్లేదు. మీకు కావలసింది అది కాదు.

గాజుల సంగతి. వద్దు. చిల్లర సామాను అంతా ఒకేసారి కొనాలన్నది మెకానిక్కు సౌకర్యం, మీది కాదు. మొదటి నెల స్టీరింగు, బ్రేకులు, కమాన్ల గట్టి బోల్టులు. రెండో నెల కిలో లెక్క బోల్టులు, కబ్జాలు. బీడింగు వానలకు ముందు. మాకు చెప్పింది 30 వేలు, అన్నీ కలిపి అయ్యింది 9,400, అందులో రెండు హైదరాబాద్ చార్జీలు కూడా ఉన్నాయి. మీ బండి పెద్దది, తలుపులూ ఎక్కువ పాడయ్యాయంటున్నారు, ఇంకో మూడు నాలుగు వేలు వేసుకోండి. ఇంజను, బ్రేకుల ఖర్చు ఇందులో కలపలేదు, ఆ లెక్క మీ ఆయన్ను వేరే కాగితం మీద రాయమనండి. ఆ కాగితం చూశాక కూడా అప్పు కావాలంటే అప్పుడు మాట్లాడుకుందాం, గాజులు మాత్రం చేతికే ఉండనివ్వండి.

మిగిలిన బోల్టులు పారేయకుండా హార్లిక్స్ సీసాల్లో, అంగుళాలవి ఒకదానిలో, మిల్లీమీటర్లవి ఒకదానిలో వేసి మూతకు చీటీ అంటించండి. రెండు నెలలయ్యాక ఓ కార్డు ముక్క రాయండి. ఆ ముందద్దం ఫ్రేముకు ఏం చేశారో నాకూ తెలుసుకోవాలని ఉంది, ఎందుకంటే మాది ఇప్పటికీ వానకు కారుతూనే ఉంది.